తొమ్మిది వందల మడచెట్లు

కార్తీక శుద్ధ విదియ
పోటు ఉదయం 9.50. బతికున్నవి 958. పని: కాండాలకి పట్టిన గుల్లలు గీకడం.

చిట్టాలో మూడే ముక్కలు రాయాలని, మా చెట్ల లెక్క చూసే బోర్డు ఆనందరావుగారు మొదటి రోజే చెప్పారు. పోటు ఎప్పుడు, చెట్లెన్ని, చేసిన పనేమిటి. అంతకు మించి రాస్తే సొంత పైత్యం కింద లెక్క అన్నారు. ఆ మాట తొమ్మిదో తరగతిలో విన్నాను. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. నా పైత్యంతో రెండు పుస్తకాలు నిండిపోయి ఇది మూడోది. తడవని కాగితం, పేజీలకి నంబర్లు, ఒక్కటి చింపినా ఊడివచ్చే కుట్టు. కొట్టివేతలు ఒప్పుకోరు. తప్పు రాస్తే దాని కిందే ఒప్పు రాసుకోవాలి.

పొద్దున్నే కొంగ వచ్చి లెక్కపెట్టుకుపోయింది. బోర్డువాళ్ళ ఎగిరే యంత్రానికి మా అమ్మలు పెట్టిన పేరది. తెల్లగా ఉంటుంది, కాళ్ళు వేలాడేసుకుని వస్తుంది. నాటిన రోజునే ప్రతి మడచెట్టుకీ ఒక పూస కడతారు. చెట్టు బతికున్నంతకాలం పూస పచ్చగా ఉంటుంది, చస్తే బొగ్గులా నల్లబడుతుంది. కొంగకి పచ్చ పూసలే కనిపిస్తాయి. మూడేళ్ళు నిండిన చెట్లు తొమ్మిది వందలు చూపిస్తే మాఘ పౌర్ణమి నాడు గట్లు కట్టుకున్న ఎత్తు ఊరు మెరకలో కాలేజీ సీటు ఇస్తారు. ఒక్కటి తగ్గినా మళ్ళీ నాటి, మూడేళ్ళు ఆగి రమ్మంటారు.

"మీ ముత్తాత కాలంలో పిల్లల ఫీజుకి పొలాలు అమ్మేవోరంట," అంటుంది అమ్మ. "ఇప్పుడు పొలాలేవి? సముద్రం తినేసింది. తిన్నదాని దగ్గరే కక్కిస్తన్నాం."

నాకు యాభై ఎనిమిది చెట్లు ఎక్కువే ఉన్నాయి. ప్రవేశ పరీక్షలో పదకొండో ర్యాంకు కూడా వచ్చింది. గేట్ల చదువు చదువుతాను. సముద్రానికి అడ్డంగా మెరక చుట్టూ కట్టిన గేట్లు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో నేర్పే చదువు. అది ఎందుకు కావాలో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మధ్యాహ్నం అన్నం డబ్బా చెట్ల నడుమ వెన్ను కాలువలో ఉన్న కర్రకి తగిలించి తిన్నాను. నీలం వలబెండు కట్టిన కర్ర. ఎక్కడినుంచో పోటుకి కొట్టుకొచ్చి బురదలో దిగబడింది. నాలుగు నెలలుగా నాకు అదే చిలక్కొయ్య.


కార్తీక పౌర్ణమి
పోటు ఉదయం 9.05. బతికున్నవి 958. పని: నాచు తీయడం.

మంగతాయి ఇవాళ సాయంత్రం పడవ దగ్గరికి రాలేదు. వెతుక్కుంటూ హద్దు దాకా వెళ్ళాను.

మా కాలువలు చేపముల్లులా ఉంటాయి. నడుమ వెన్ను కాలువ, దానికి అటూ ఇటూ ముళ్ళలా సన్న కాలువలు. పోటు వెన్నులోంచి వచ్చి ముళ్ళలోకి పాకి చెట్ల మొదళ్ళు తడిపి, పాటుకి వెనక్కి పోవాలి. పోటు లోపలికొచ్చే నోటి దగ్గరి చెట్ల పట్టీ నాది. తోక దగ్గరది పాలెపు మంగతాయిది. రెండు పట్టీలకీ ఒకే వెన్ను. తొమ్మిదో తరగతిలో చీటీలు తీస్తే అలా వచ్చింది. అప్పటినుంచి ఒకే పడవ, ఒకే పచ్చడి సీసా. ఒకరి పట్టీలోకి ఒకరు, ఆ మనిషి లేకుండా అడుగు పెట్టకూడదు. మొదట్లో పూసలు దొంగిలించి కట్టుకున్నవాళ్ళు ఉన్నారట, అందుకని ఆ నిబంధన.

అది హద్దు దగ్గరే గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో నల్లబడ్డ పూసలు ఏడు.

"ఒక్క వారంలోనే ఏడూ పోయినియ్యే," అంది.

"పురుగేమో?"

"పురుగైతే ఆకు తింటాది కదా. ఆకు పసుపైపోయి రాలిపోతంది."

దానికి ఇంకా తొమ్మిది వందల ఇరవై నాలుగు ఉన్నాయి. పర్వాలేదులే అన్నాను. నాకైతే పర్వాలేదు మరి.


మార్గశిర శుద్ధ పంచమి
పోటు మధ్యాహ్నం 12.20. బతికున్నవి 958. పని: ఏమీ లేదు.

మంగతాయికి తొమ్మిది వందల పదిహేడు.

దానికి సీటు రాకపోతే ఏమవుతుందో రాస్తాను, ఎందుకంటే అది తన చిట్టాలో రాసుకోదు. దాని చిట్టా ఆనందరావుగారికి నచ్చే చిట్టా, మూడు ముక్కల్లో ముగిస్తుంది. వాళ్ళమ్మ రొయ్యల ఓడవాళ్ళకి మాట ఇచ్చేసింది. సీటు వస్తే కాలేజీకి, రాకపోతే ఫాల్గుణంలో ఓడెక్కాలి. ఓడ ఎక్కితే ఆరేళ్ళ ఒప్పందం. పైన మెషీన్లు వలలు లాగుతుంటే కింద మంచుగదిలో రొయ్యలు ఏరాలి. వాళ్ళక్క అలాగే వెళ్ళింది. తిరిగొచ్చాక చేతివేళ్ళకి చల్లన, వేడి తెలియడం పోయింది.

మంగతాయి నర్సు చదువు కోరుకుంది. వాళ్ళక్క వేళ్ళు చూసే కోరుకుందని నా అనుమానం.

ఇవాళ అది నన్ను తన పట్టీలోకి పిలిచి చూపించింది. తోక చివర చెట్లు ఆకులు దులుపుకుని నిలబడ్డాయి. బురదలోంచి పైకి లేచిన ఊపిరి వేళ్ళ మధ్య మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. మా పెరట్లో ఉప్పుచేపలు ఆరేసినచోట ఉండే తెలుపే. నాలికతో అద్ది చూసి ఉమ్మేశాను.

"నీళ్ళు వత్తన్నాయా?" అని అడిగాను.

"వత్తన్నాయి. కొంచెం తగ్గినట్టున్నాయంతే. మరి నీ పక్క?"

"బానే ఉన్నాయి," అన్నాను.

నిజంగానే నా పక్క బాగున్నాయి. ఈ ఏడాది నా చెట్లు ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగాయి. మొన్నటిదాకా అది నా చేతిచలవ అనుకుంటున్నాను.


మార్గశిర శుద్ధ దశమి
పాటు ఉదయం 10.15. బతికున్నవి 958. పని: కిందటి పుస్తకం చదవడం.

రాత్రి అన్నాల దగ్గర నాన్నని అడిగాను. మా నాన్న ఓలేటి బంగారయ్య ఒకప్పుడు నాలుగో నంబరు గేటు కాపలాదారు. ఇప్పుడు పీతల పెంపకంలో కూలి. నీళ్ళ సంగతి ఆయనకి తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, కానీ అడిగితేనే చెప్తాడు. అడిగినా సగమే చెప్తాడు.

"తెగులొత్తే ఎక్కడ పడితే అక్కడ చస్తాయమ్మా," అన్నాడు. "నీళ్ళు అందక చచ్చేయి తోకనించి చస్తాయి. నోటికాడ ఏదో అడ్డం పడుంటాది."

"వానాకాలం అంతా బాగానే ఉన్నాయి కద నాన్నా?"

"వానాకాలం గోదారి తీపినీళ్ళు పైనించి పోత్తాది. అప్పుడు కాలవ మూసుకుపోయినా చెట్టుకి తెలీదు. వానలు ఎనక్కి పోయాకే బయటపడతాది. కిందటి పూడిక బాగానే తీశారా?"

"తీశాం," అన్నాను. నోరు దానంతటదే అంది.

ఇవాళ పొద్దున పెట్టె అడుగునుంచి రెండో పుస్తకం తీశాను. నూట పన్నెండో పేజీ. నా దస్తూరీయే.

"జ్యేష్ఠ అమావాస్య. పాటు మధ్యాహ్నం 2.40. బతికున్నవి 960. పని: వెన్ను కాలువలో నా వంతు పూడిక తీశాను."

తీయలేదు.

ఏటా జ్యేష్ఠ అమావాస్య పాటుకి పూడిక తీయడం మా బడి ఆచారం. అమావాస్య పాటు బాగా లోతుకి పోతుంది, వెన్ను కాలువ నాలుగు గంటలు ఆరిపడుతుంది. ఎవరి పట్టీలో ఉన్న వెన్నుని వాళ్ళు తవ్వుకోవాలి. ఆ ఒక్కరోజు ఎవరైనా ఎవరి పట్టీలోకైనా పోవచ్చు. ఆ రోజే మెరకలో నమూనా పరీక్ష పడింది. మొదటి ఇరవై మందికి ఉచితంగా పాఠాలు చెప్తారన్నారు. నేను లాంచీ ఎక్కి వెళ్ళి పరీక్ష రాశాను. ఇరవైలో వచ్చాను. ఆ పాఠాలు లేకపోతే పదకొండో ర్యాంకు కలలోమాట. సాయంత్రం ఇంటికొచ్చి, వచ్చే అమావాస్యకి తవ్వేద్దాంలే, చిట్టా మాత్రం ఖాళీగా ఉండకూడదని ఆ వాక్యం రాసేశాను. వచ్చే అమావాస్యకి వాన. ఆ పైదానికి ప్రవేశ పరీక్ష. మరిచిపోయానని రాస్తే అదింకో అబద్ధం అవుతుంది. నేను వాయిదా వేశాను.

పూడిన వెన్ను మీద నీళ్ళు ముందుకి పోలేక నా ముళ్ళలోనే నిలిచాయి. నా చెట్లు ఏపుగా పెరిగింది అందుకు. మంగతాయి తాగాల్సిన నీళ్ళు నావి తాగాయి. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.


మార్గశిర శుద్ధ ద్వాదశి
పాటు ఉదయం 11.50. బతికున్నవి 958. పని: కొలత.

కొలిచాను. పూడిక తొంభై అడుగుల పొడవు. బురద మాత్రమే అయితే రెండు పాట్లలో తీసేయొచ్చు. కానీ ఈ ఆరు నెలల్లో రెండు గట్ల మీది నా చెట్లూ వేళ్ళని ఆ మెత్తటి బురదలోకి దింపేశాయి. ఊపిరి వేళ్ళు వెన్ను నిండా మేకుల్లా లేచి ఉన్నాయి. తవ్వితే వేళ్ళు తెగుతాయి. వేళ్ళు తెగితే ఆ రెండు వరసలూ పోతాయి.

ఒక్కో గట్టు మీద ముప్పై నాలుగు. రెండూ కలిపితే అరవై ఎనిమిది. నాకు ఎక్కువున్నవి యాభై ఎనిమిది.

పదంటే పది చెట్ల తేడా. నాలుగైదు సార్లు లెక్కపెట్టాను. లెక్కల్లో మొదటి మార్కు వచ్చే అమ్మాయిని, ప్రతిసారీ అంతే వచ్చింది.

తవ్వకపోతే ఎవరికీ తెలియదు. పుస్తకంలో "తీశాను" అని ఉంది. మాఘ పౌర్ణమి లెక్క రోజున బడి మిద్దె మీద అందరి చిట్టాలూ పైకి చదువుతారు. నోటి దగ్గర పట్టీవాళ్ళు మొదట, తోక దగ్గరవాళ్ళు తర్వాత. నేను ఆ పేజీ గడగడా చదివేస్తాను. మంగతాయి చెట్లు ఉప్పుకి చచ్చాయని అందరూ అయ్యో అంటారు. అది ఓడెక్కుతుంది.

మా నాన్న సంగతి ఇక్కడ రాయాలి. ఏడేళ్ళ కిందట తుపాను రోజు నాలుగో గేటు తెరుచుకోక, వాననీళ్ళు బయటికి పోలేక లోపల రెండు వీధులు మునిగాయి. గేటు గొలుసు తుప్పు పట్టిందని నాన్న నెల ముందే పైఅధికారికి చెప్పాడు. ఆయన వచ్చి చూడకుండానే పుస్తకంలో "గొలుసు సరిచూశాను, బాగుంది" అని రాసిపెట్టాడు. విచారణలో పుస్తకమే సాక్ష్యం. గొలుసు బాగున్నప్పుడు తప్పు కాపలావాడిదే కదా. నాన్న ఆ రోజునుంచి పెద్దగా మాట్లాడడు. ఆ పైఅధికారి ఎలాంటి మనిషై ఉంటాడా అని చిన్నప్పటినుంచీ ఊహించుకునేదాన్ని. పెద్ద మీసాలు, ఎర్రకళ్ళు పెట్టేదాన్ని. ఆయనక్కూడా ఆ రోజు ఏదో పరీక్షో పెళ్ళో ఉండి ఉంటుందని ఎన్నడూ తోచలేదు.


మార్గశిర పౌర్ణమి
పాటు మధ్యాహ్నం 2.50. బతికున్నవి 958. పని: వెన్ను కాలువ తవ్వకం.

నాన్నకి చెప్పాను. నూట పన్నెండో పేజీ తెరిచి చేతిలో పెట్టాను. ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివాడు. నన్ను కొడితే బాగుండేది.

"పార ఎక్కడుంది?" అన్నాడు చివరికి.

అమ్మకి మాత్రం అంత సులువుగా మింగుడు పడలేదు. "ఒసేయ్, నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటన్నావే! నాలుగేళ్ళు బురదలో పడి దొర్లింది ఇందుకా? ఆ పిల్లకి రాసిపెట్టుంటే వత్తాది, లేకపోతే లేదు."

"దానికి రాసిపెట్టింది నేనేనమ్మా," అన్నాను. "అబద్ధం రాసిపెట్టాను."

అమ్మ ఏడ్చింది. తర్వాత తట్ట పట్టుకుని మాకంటే ముందు పడవెక్కి కూర్చుంది.

నాన్న ఒక ఉపాయం చెప్పాడు. మొత్తం వెడల్పు తవ్వకుండా, తూర్పు గట్టు వారగా సన్నగా తవ్వి చూద్దామన్నాడు. అటు వరస ఒక్కటే పోతుంది. తొమ్మిది వందల ఇరవై నాలుగు మిగులుతాయి, సీటుకి ఢోకా ఉండదు. ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. నాలుగు గంటలు ముగ్గురం తవ్వాం. తెగిన వేళ్ళ వాసన చేతులకింకా వదల్లేదు.


మార్గశిర బహుళ సప్తమి
పోటు మధ్యాహ్నం 2.30. బతికున్నవి 931. పని: నీళ్ళు చూడడం.

తూర్పు గట్టు పూసలు ఇరవై ఏడు నల్లబడ్డాయి. మిగతావీ పోతాయి.

సన్న కాలువలో నీళ్ళు నా హద్దు దాకా వచ్చి, అక్కడికి ఆయాసపడి ఆగిపోతున్నాయి. మంగతాయి పట్టీలోకి చేరేసరికి పాటు మొదలైపోతోంది. దాని లెక్క తొమ్మిది వందల ఏడు.

"కాలవ బాగుచేత్తన్నావంట?" అని అడిగింది హద్దు అవతలనుంచి.

"ఆఁ. కొంచెం పూడింది."

అంతకన్నా చెప్పలేకపోయాను. అది నా చేతుల మీది బొబ్బల వైపు చూసింది.


మార్గశిర అమావాస్య
పాటు మధ్యాహ్నం 2.35. బతికున్నవి 924. పని: వెన్ను కాలువ పూర్తి వెడల్పు తవ్వకం.

మంగతాయికి తొమ్మిది వందల మూడు. ఇవాళ తవ్వకపోతే మళ్ళీ లోతు పాటు రావడానికి పదిహేను రోజులు పడుతుంది. అప్పటికి దానికి తొమ్మిది వందలు మిగలవు.

నిన్నంతా నాలో నేను బేరాలాడాను. మూడేళ్ళు ఎంతసేపు, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతాయని ఒకసారి. మూడేళ్ళు తిరిగేసరికి పదకొండో ర్యాంకు ఎవరికి గుర్తుంటుందని ఇంకోసారి. పరీక్ష మళ్ళీ రాయాలి. ఈసారి రాకపోవచ్చు. నేను మంచిదాన్ని కాబట్టి తవ్వుతున్నానని ఎవరైనా అంటే నమ్మకండి. పొద్దున పడవ ఎక్కేదాకా నాకు తవ్వాలని లేదు. తవ్వకుండా ఆ మిద్దె మీద నిలబడి ఆ పేజీ చదవడం మాత్రం నావల్ల కాదని తెలిసింది, అంతే.

మేం దిగేసరికి మంగతాయి హద్దు దగ్గర పార పట్టుకుని నిలబడి ఉంది.

"రానా?" అంది.

రమ్మన్నాను. అది తిన్నగా నడిచి నీలం బెండు కర్ర దగ్గరికి పోయి ఆగింది. అటు హద్దు వైపు పూడిక పలచన, ఇటు నా నోటి వైపు మందం. అది కాసేపు ఆ కర్రనే చూసింది. నా వైపు తిరిగి ఏదో అడగబోయి మానేసింది. తర్వాత కర్రకి ఇవతల, నా వైపునుంచి తవ్వడం మొదలుపెట్టింది. పడమటి గట్టు వేళ్ళు పటపటా తెగుతుంటే ప్రతి దెబ్బకీ నాకే తగిలినట్టుంది. అది తల ఎత్తలేదు.

నాలుగున్నరకి పోటు తిరిగింది. నీళ్ళు వెన్ను నిండుగా, నురుగుతో, నా హద్దు దాటి దాని పట్టీలోకి పరుగెత్తాయి. మంగతాయి మోకాళ్ళ లోతులో నిలబడి ఆ నీళ్ళనే చూస్తూ ఉంది. ఒక్క మాటైనా అంటుందేమోనని ఎదురుచూశాను. పార కడుక్కుని వెళ్ళిపోయింది.


పుష్య బహుళ విదియ
పోటు ఉదయం 10.30. బతికున్నవి 895. పని: ఒప్పు రాయడం.

రెండో పుస్తకం నూట పన్నెండో పేజీ అడుగున ఇవాళ ఇలా రాశాను: "పై వాక్యం అబద్ధం. ఆ రోజు నేను మెరకలో ఉన్నాను. నా వంతు పూడిక తీయలేదు. ఆ తర్వాత కూడా తీయలేదు."

మూడు వాక్యాలకి పొద్దంతా పట్టింది.

మంగతాయికి తొమ్మిది వందల రెండు. వారంగా ఒక్కటీ పోలేదు. పసుపెక్కిన కొమ్మల చివర చిన్న పచ్చ మొటిమలు పొడుచుకొస్తున్నాయి. హద్దు ఇవతలనుంచే చూశాను. అది నన్ను లోపలికి పిలవడం మానేసింది.


మాఘ పౌర్ణమి
పోటు ఉదయం 9.10. బతికున్నవి 893. పని: లెక్క.

మిద్దె మీద అరవై మందిమి. చుట్టూ నిండు పోటు, నడుమ బడి ఒక్కటే మిగిలినట్టుంది. కొంగ ఆఖరిసారి తిరిగివచ్చి ఆనందరావుగారి బల్ల మీద వాలింది. ఆయన అంకెలు చదివారు. ఓలేటి సత్యవేణి, ఎనిమిది వందల తొంభై మూడు. వెనక ఎవరో నాలిక చప్పరించారు. పాలెపు మంగతాయి, తొమ్మిది వందల ఒకటి.

వాళ్ళమ్మ కేక పెట్టింది. మంగతాయి కదల్లేదు.

తర్వాత చిట్టాల చదువు. నేను ముందు నిలబడ్డాను. నూట పన్నెండో పేజీ దాకా బాగానే చదివాను. అక్కడ మంచినీళ్ళు అడిగి తాగాను. తప్పూ చదివాను, దాని కింద ఒప్పూ చదివాను. మూలన నిలబడ్డ నాన్న తల దించుకుంటాడేమోనని భయపడ్డాను. ఎత్తే ఉంచాడు.

ఆనందరావుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "తప్పు కింద ఒప్పు రాసుంది. చిట్టా చెల్లుతుంది. సంఖ్య చాలదు. కూర్చోమ్మా," అన్నారు.

మంగతాయి లేచింది. దాని చిట్టా అంతా మూడు ముక్కలే కదా, టపటపా సాగింది. జ్యేష్ఠ అమావాస్య దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తర్వాత అదే గొంతుతో, ఎటూ చూడకుండా చదివింది.

"జ్యేష్ఠ అమావాస్య. పాటు మధ్యాహ్నం 2.40. బతికున్నవి 935. పని: నా వంతు పూడిక ముందే తీశాను. వేణి రాలేదు, దానికి మెరకలో పరీక్ష. దాని వంతు కూడా నా హద్దు వైపునుంచి సగం తీశాను. ఇంతలో పోటు వచ్చేసింది. ఎక్కడిదాకా తీశానో తెలియడానికి నీలం బెండు కట్టిన కర్ర పాతాను. మిగతా సగం వేణి వచ్చి తీసుకుంటుంది. అది మాట తప్పదు."

నా అన్నం డబ్బా తగిలించుకున్న కర్ర.

తర్వాత ఏం చదివారో నాకు వినబడలేదు. ఆర్నెల్లు ఆ కర్ర కిందే కూర్చుని పచ్చడి నంజుకుని తిన్నాను. ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో అనుకున్నాను. ఎవరు పాతారో ఒక్కసారి అడిగి ఉంటే చాలు.


మాఘ బహుళ విదియ
పాటు సాయంత్రం 4.15. బతికున్నవి 893. పని: కింద రాశాను.

మంగతాయి ఇవాళ మెరకకి వెళ్ళింది. రేవుకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేక లాంచీ కూత వేసేదాకా ఇంట్లోనే ఉన్నాను. అమ్మ రెక్క పట్టుకుని బయటికి తోసింది.

అది రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"నీ మీద కోపం పోలేదే," అంది. "పోయిందని అబద్ధం సెప్పను."

"వద్దు."

"మా వోళ్ళు నిన్ను మెచ్చుకుంటన్నారు. చెట్లు కొట్టేసుకుందంట, త్యాగమంట. నాకు ఇంటుంటే ఒళ్ళు మండిపోతంది. త్యాగమేటి? నీ వంతు పని నువ్వు ఆర్నెల్లు ఆలస్యంగా చేశావు."

"అవును."

"అంతే మరి." పెట్టె ఎత్తుకుంది. లాంచీ ఎక్కే బల్ల మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "కొత్తగా నాటేటప్పుడు వెన్ను గట్టుకి మూడడుగులు వదిలెయ్. దగ్గరగా నాటావు, అందుకే వేళ్ళు దిగినియ్యి. కోపం తగ్గాక ఉత్తరం రాస్తాను. ఎప్పుడు తగ్గుతాదో తెలీదు."

లాంచీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. అది చెయ్యి ఊపలేదు, లోపలికీ పోలేదు.

దాని పట్టీకి చీటీ ఇంకా తీయలేదు. కొత్త తొమ్మిదో తరగతివాళ్ళు వచ్చేది జ్యేష్ఠంలో. అంతదాకా తోక వైపు చూసేవాళ్ళు ఉండరు. లోపలికి పోవడానికి ఆనందరావుగారిని అనుమతి అడిగాను. ఎందుకన్నారు. చెప్పాను. సంతకం పెట్టి ఇచ్చారు. సొంత పైత్యం అనలేదు.

నీలం బెండు కర్ర తీయలేదు. డబ్బా మాత్రం దానికి తగిలించడం లేదు.

పని: ఇరవై మొక్కలు నాటాను, వెన్ను గట్టుకి మూడడుగులు వదిలి. వెన్ను కాలువలో నా వంతు పూడిక తీశాను. మంగతాయి వంతు కూడా తీశాను.